మాట చివర ‘న్‌దెస్’: జపనీస్ సంభాషణలో నా అనుభవం

జపనీస్ మొదలుపెట్టిన తెలుగువాళ్ళకు వాక్యాన్ని మర్యాదగా ముగించే ‘మస్’, ‘దెస్’ తొందరగానే పట్టుబడతాయి. క్రియ వాక్యం చివరికి రావడం మనకు కొత్త కాదు, విభక్తుల్లాంటివి పేరు తర్వాత తగిలించడమూ కొత్త కాదు. చిక్కంతా ఆ తర్వాత వచ్చే ‘న్‌దెస్’తో. ‘మిన్న నొ నిహొంగొ’ అనే పాఠ్యపుస్తకంలో ఇది 26వ పాఠం. అంటే 25 పాఠాలపాటు ప్రతి వాక్యాన్నీ ‘మస్’తో ముగించి ముగించి నోరు దానికే అలవాటుపడ్డాక, ఇప్పుడు దీన్ని కూడా కలుపుకో అంటారు. చాలామంది దీన్ని ‘వివరణ ఇచ్చేటప్పుడు వాడేది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్కను నమ్ముకుని మాట్లాడితే సగం చోట్ల పెడర్థం వస్తుంది. నేను దీన్ని ఏ వరసలో సాధన చేశానో, ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో రాస్తున్నాను.

జపనీస్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. ఎ–ఏ, ఒ–ఓ తేడా మన లిపిలో ఉండటం ఇక్కడ మంచి సౌకర్యం. హ్రస్వం రాసినచోట హ్రస్వంగానే పలకండి: ‘దొకొ’ అంటే ఎక్కడ, దాన్ని ‘దోకో’ అనకూడదు.

ముందు రూపం సంగతి. ‘న్‌దెస్’ అసలు రూపం ‘నొ దెస్’. మాటల్లో ‘నొ’ అరిగి ‘న్’ అయింది. ఈ ‘నొ’ చేసే పని మన ‘వెళ్ళేది’, ‘కొన్నది’లో ‘ది’ చేసే పనే, జరిగిన విషయాన్ని ఒక వస్తువులా మూటగట్టి పెట్టడం. అందుకే దీని ముందు మర్యాద రూపం రాదు, మామూలు రూపమే రావాలి. వెళ్ళడానికి మర్యాద రూపం ‘ఇకిమస్’, మామూలు రూపం ‘ఇకు’. ‘ఇకిమసున్‌దెస్’ అనకూడదు, ‘ఇకున్‌దెస్’ అనాలి. మర్యాద చివరున్న ‘దెస్’ చూసుకుంటుంది.

నేను ఒక కాగితం మీద నాలుగు వరసలు, నాలుగు నిలువు గళ్ళు గీసుకున్నాను. వరసల్లో క్రియ, ‘ఇ’తో ముగిసే విశేషణం, ‘న’ విశేషణం (పేరు ముందు ‘న’ చేర్చుకునేది), నామవాచకం. గళ్ళలో ఇప్పటిది, జరిగినది, ఇప్పటి ‘లేదు/కాదు’, జరిగిన ‘లేదు/కాదు’. మొత్తం 16 రూపాలు. క్రియ వరస ఇలా ఉంటుంది: ఇకున్‌దెస్, ఇత్తన్‌దెస్, ఇకనైన్‌దెస్, ఇకనకత్తన్‌దెస్. ‘తకై’ (ఖరీదు) లాంటివాటికీ నేరుగా తగిలిస్తే చాలు: తకైన్‌దెస్, తకకత్తన్‌దెస్. పదహారింటిలో తేడా వచ్చేది రెండే గళ్ళలో, ‘న’ విశేషణం ఇప్పటిది, నామవాచకం ఇప్పటిది. అక్కడ మధ్యలో ‘న’ చేరుతుంది: షిజుక నన్‌దెస్ (నిశ్శబ్దంగా ఉంటుంది), గకుసే నన్‌దెస్ (విద్యార్థిని). అందరూ తప్పేది ఇక్కడే, ‘గకుసే దన్‌దెస్’ అనేస్తారు. జరిగినదానికి మాత్రం ‘గకుసే దత్తన్‌దెస్’ అనే అంటారు కాబట్టి, ఆ ‘ద’ నోట్లో నానుతూ ఉండటమే ఈ తప్పుకు మూలం. ఆ రెండు గళ్ళకు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, రోజూ ఐదు నామవాచకాలు, ఐదు ‘న’ విశేషణాలు పెట్టి పైకి చదివేవాణ్ణి. రెండు వారాలకు నోరు తిరిగింది.

పలకడంలో ఒక మెలిక ఉంది. ‘న్’కు జపనీస్‌లో ఒక పూర్తి మాత్ర ఇవ్వాలి. ‘ఇ–కు–న్–దె–స్’ అని ఐదు దెబ్బలు. మనం అలవాటుకొద్దీ ‘ఇకుందెస్’ అని సున్నాను ముందు అక్షరానికి అతికించేసి నాలుగు దెబ్బల్లో ముగిస్తాం. వినేవాళ్ళకు ఆ ‘న్’ ఉందో లేదో తెలియదు, మామూలు వాక్యమే తడబడి చెప్పాడనుకుంటారు. తాళం వేస్తూ చెప్పుకుంటే ఇది సర్దుకుంటుంది. చివరి ‘సు’లో ఉకారం దాదాపు వినబడదు, అందుకే ఇక్కడ ‘దెస్’ అనే రాస్తున్నాను.

ఇక అర్థం. తెలుగువాళ్ళు చేసే అసలు పొరపాటు ‘న్‌దెస్’ను ‘అండి’ అనుకోవడం. ‘అండి’ని మనం దేనికైనా తగిలించవచ్చు, ఎంత ఎక్కువ తగిలిస్తే అంత మర్యాద. ‘న్‌దెస్’ మర్యాద కోసం పుట్టినది కాదు. దగ్గరివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఇదే ‘న్‌ద’ అవుతుంది, పని మాత్రం అదే. దీనికి దగ్గరగా వచ్చేది వాక్యం చివర మనం వేసే ‘మరి’. ‘ఇంత ఆలస్యమైందేం?’ అంటే ‘బస్సు రాలేదు మరి’ అంటాం. ఆ ‘మరి’ తీసేస్తే ‘బస్సు రాలేదు’ అన్నది ఉత్త వార్త. ‘మరి’ ఉంటే, మీరు అడిగినదానికి ముడి ఇదీ అని చూపించినట్టు. ‘న్‌దెస్’ కూడా అంతే, ఇద్దరి ముందూ ఉన్న ఏదో ఒక సంగతికి ఈ వాక్యాన్ని ముడేస్తుంది. ఆ సంగతి ఒక ప్రశ్న కావచ్చు, మొహంలో కనబడే నీరసం కావచ్చు, చేతిలో తడిసిన గొడుగు కావచ్చు.

పక్క సీటాయన నుదురు పట్టుకుని కూర్చున్నాడు. ‘దో షితన్‌దెస్ క?’ (ఏమైంది?) అని అడుగుతాం. కళ్ళముందు ఏదో కనబడింది కాబట్టే ‘న్‌దెస్ క’. ఆయన ‘అతమ గ ఇతైన్‌దెస్’ (తలనొప్పి మరి) అంటాడు. అదే ‘అతమ గ ఇతై దెస్’ అంటే తప్పేం కాదు, కానీ ప్రశ్నకు జవాబులా కాక విడిగా ప్రకటన చేసినట్టుంటుంది.

కాబట్టి నోరు తెరిచే ముందు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ వాక్యం దేనికి వేలాడుతోంది? కొక్కెం కనబడితే ‘న్‌దెస్’, లేకపోతే ‘మస్’. పరిచయం చేసుకునేటప్పుడు కొక్కెం ఉండదు, ‘ఇన్‌దొ కర కిమషిత’ (ఇండియా నుంచి వచ్చాను) అంటే చాలు. అక్కడ ‘ఇన్‌దొ కర కితన్‌దెస్’ అంటే, ఎవరో ‘ఎందుకు నువ్విలా ఉన్నావు’ అని అడిగితే సంజాయిషీ ఇచ్చినట్టుంటుంది. ఆఫీసులో పని అయిందని చెప్పడానికి ‘ఒవరిమషిత’. ‘ఒవత్తన్‌దెస్’ అంటే, అయిపోయింది, అయితే ఏంటి అన్నది ఇంకా చెప్పాల్సి ఉందని అవతలివాళ్ళు ఆగిపోతారు.

ప్రశ్నల్లో దీని ప్రభావం మరీ ఎక్కువ, నష్టమూ అక్కడే. ఇంటికొచ్చినవాళ్ళకు కాఫీ ఇవ్వాలంటే ‘కోహీ, నొమిమస్ క?’ అనాలి. ‘కోహీ, నొమున్‌దెస్ క?’ అంటే ‘ఓహో, మీరు కాఫీ తాగుతారా!’ అని ఆశ్చర్యపోయినట్టు, ఒక్కోసారి ‘ఈ వేళప్పుడా?’ అన్నట్టు. రమ్మని పిలవడానికి ‘ఇకిమసెన్ క?’ అంటే ‘వెళ్దామా?’ అని. దాన్నే ‘ఇకనైన్‌దెస్ క?’ అంటే ‘ఏం, వెళ్ళట్లేదా?’ అవుతుంది. పిలుపు కాస్తా నిలదీయడం అయిపోతుంది. వ్యాకరణం రెండింటిలోనూ సరిగ్గానే ఉంటుంది కాబట్టి ఎవరూ దిద్దరు, అదే ప్రమాదం. ‘కెక్కొన్ షితెరున్‌దెస్ క?’ (పెళ్ళయిందా) కూడా అంతే. ఉంగరం చూసో, మాటల్లో పిల్లల ప్రస్తావన వచ్చో అడిగితే సహజం. ఏ ఆధారమూ లేకుండా అడిగితే, నాలో ఏం చూసి అడిగాడని ఎదుటివాళ్ళు తమను తాము చూసుకుంటారు.

‘ఎక్కడ’, ‘ఎవరు’, ‘ఎందుకు’ ప్రశ్నల్లో మాత్రం ‘న్‌దెస్ క’ ఇంటి మనిషే. ఎవరి చేతిలోనో మంచి సంచీ చూసి ‘దొకొ దె కత్తన్‌దెస్ క?’ అంటే, తెలుగులో ‘కొన్నది ఎక్కడ?’ అన్నట్టు. కొన్నారన్నది తెలిసిందే, ఎక్కడన్నదే ప్రశ్న. మనం ‘-ది’తో చేసే ఈ విరుపును గుర్తుపెట్టుకుంటే ‘కాదు’ వాక్యాలు కూడా విడిపోతాయి. ‘నేను ఏడ్చింది బాధతో కాదు, సంతోషంతో’ అనాలంటే ‘కనషీ కర నైతన్‌జ నై, ఉరెషీ కర నైతన్‌ద’. ఏడవడం జరిగింది, కాదన్నది కారణాన్ని మాత్రమే. ఇక్కడ ‘నకనకత్త’ (ఏడవలేదు) అంటే కథే మారిపోతుంది. ‘ఎందుకు’కు సంబంధించి ఒక జాగ్రత్త: ‘దోషితె కొనకత్తన్‌దెస్ క?’ (ఎందుకు రాలేదు) వ్యాకరణపరంగా శుభ్రంగా ఉన్నా, పైవాళ్ళను అడిగితే జవాబు చెప్పమని గద్దించినట్టే. వాళ్ళ కోరికను ‘నొమితైన్‌దెస్ క?’ (తాగాలనుందా) అని అడగడమూ అంతే మోటు.

రోజువారీ బతుకులో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ‘న్‌దెస్ గ’, ‘న్‌దెస్ కెదొ’. అర్థం ‘…అండీ, మరి…’ అని సాగదీసి వదిలేయడం. చెప్పదలచుకున్న విన్నపానికి ముందు పీట వేస్తుంది. ‘గొమి ఒ దషితైన్‌దెస్ గ, దొకొ ని దషితర ఈ దెస్ క?’ (చెత్త వేయాలండీ, ఎక్కడ వేయాలి?). ‘యసుమి ఒ తొరితైన్‌దెస్ గ…’ (సెలవు కావాలండీ…) అని అక్కడితో ఆపేస్తే మిగతాది అవతలివాళ్ళే అందుకుంటారు. మనకు వాక్యం పూర్తి చేయకపోతే వెలితిగా అనిపిస్తుంది, అందుకని ‘కుదసై’ (ఇవ్వండి, దయచేసి) వరకూ లాక్కుపోతాం. ఆపేయడమే మర్యాద అన్నది అలవాటు కావడానికి టైం పడుతుంది.

ఒక ఫోన్ కాల్‌ను దగ్గరగా చూద్దాం. అద్దె ఇంట్లో ఏసీ పనిచేయట్లేదు, ఇంటిని చూసుకునే కంపెనీకి ఫోన్ చేస్తున్నాం.

మొదట: ‘సుమిమసెన్, నీ మరు సన్ గోషిత్సు నొ మొనొ దెస్ గ’ (203 నంబరు గదివాణ్ణి అండీ). ఇక్కడ ‘నన్‌దెస్ గ’ కాదు, ‘దెస్ గ’. ఎవరో చెప్పుకోవడానికి ఇంకా ముడి ఏమీ లేదు.

తర్వాత: ‘ఎఅకొన్ గ త్సుకనైన్‌దెస్ గ…’ (ఏసీ ఆన్ అవడం లేదండీ…). ఫోన్ ఎందుకు చేశానన్న మాట గాల్లో ఉంది, దానికి వేలాడుతోంది ఈ వాక్యం. ‘ఎఅకొన్ గ త్సుకిమసెన్’ అంటే ఉత్త సమాచారం, ‘అలాగా’ అని ఊరుకున్నా వాళ్ళ తప్పులేదు.

వాళ్ళు ‘ఇత్సు కర దెస్ క?’ (ఎప్పటినుంచి?) అంటారు. ‘కినో నొ యొరు కర దెస్’ (నిన్న రాత్రి నుంచి). అడిగింది ఒక ముక్క, చెప్పింది ఒక ముక్క, అలంకారం అక్కర్లేదు.

‘రిమొకొన్ నొ దెన్‌చి వ కఎమషిత క?’ (రిమోట్ బ్యాటరీ మార్చారా?) అంటే, ‘హై, కఎమషిత. దెమొ, త్సుకనైన్‌దెస్’ (మార్చాను, అయినా రావట్లేదు మరి). ఈ జవాబులో మొదటి సగానికి ‘న్‌దెస్’ వేసి ‘కఎతన్‌దెస్’ అని ఊరుకుంటే, ‘మార్చాను కదా!’ అని కాస్త విసుక్కున్నట్టు వినబడుతుంది. అదే ‘కఎతన్‌దెస్ కెదొ, త్సుకనైన్‌దెస్’ అని ముందుకు నడిపిస్తే విసుగు ఉండదు. తేడా ‘న్‌దెస్’లో లేదు, దాని తర్వాత వాక్యం ఆగిందా, సాగిందా అన్నదాంట్లో ఉంది. చివరగా ‘మి ని కితె ఇతదకెమసెన్ క?’ (వచ్చి చూస్తారా?) అని విన్నపం. అక్కడికి విషయం మొత్తం చెప్పేశాం కాబట్టి ఇక ముడి వేయాల్సిన పని లేదు.

ఇలాంటి సంభాషణలు రాసుకుని, ప్రతి వాక్యం చివర ‘న్‌దెస్’ ఎందుకుందో, ఎందుకు లేదో పక్కన రాసుకోవడం నా సాధనలో ముఖ్యభాగం. వరసగా మూడు వాక్యాలు ‘న్‌దెస్’తో ముగిస్తే ఒకటైనా తీసేస్తాను. మూడూ ముడులే అయితే అసలు తాడు ఎక్కడుందో వినేవాళ్ళకు దొరకదు, పైగా సొంత గోడు వెళ్ళబోసుకుంటున్నట్టు ఉంటుంది.

‘న్‌దెస్ కెదొ’ గొంతును బట్టి ఫిర్యాదు కూడా అవుతుంది. హోటల్లో అడగని పదార్థం తెచ్చిపెడితే ‘కొరె, తనొన్‌దెనైన్‌దెస్ కెదొ…’ (ఇది మేం చెప్పలేదండీ…) అంటారు. మెల్లగా దించితే మర్యాద, ‘కెదొ’ను ఎత్తిపెడితే తగాదా.

ఇప్పుడు క్షమాపణ. ఆలస్యంగా వచ్చి ‘దెన్‌ష గ ఒకురెతన్‌దెస్’ (రైలు లేటు మరి) అనడం మనకు సబబుగానే తోస్తుంది, కారణం అదే కాబట్టి. ఆఫీసులో మాత్రం అది తప్పు నాది కాదని చేతులు దులుపుకున్నట్టుంటుంది. ‘మోషివకె అరిమసెన్, దెన్‌ష గ ఒకురెమషితె…’ (క్షమించండి, రైలు లేటై…) అని, ముందు క్షమాపణ పెట్టి, కారణాన్ని ‘తె’ రూపంలో, అంటే మన ‘వచ్చి’, ‘చేసి’ లాంటి రూపంలో, వేలాడదీసి వదిలేయాలి. తెలుగులో కూడా బాస్ ముందు ‘బస్సు రాలేదు మరి’ అని ‘మరి’ నొక్కితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

దీనికంటే ముదిరినది ‘న్‌దెస్ కర’. ‘కర’ అంటే ‘కాబట్టి’ అని తెలుసు, ‘న్‌దెస్’ తెలుసు, రెండూ కలిపితే ఇంకా బాగుంటుందని అనుకుంటాం. ‘ఇసొగషీన్‌దెస్ కర’ అంటే ‘పనుంది కాబట్టి’ కాదు, ‘పనిలో ఉన్నానని తెలుసు కదా, మళ్ళీ చెప్పాలా!’ అని. ఎదుటివాళ్ళకు తెలిసే ఉండాలి అన్న ఎత్తిపొడుపు అందులో దాగి ఉంటుంది. మామూలు కారణానికి ‘ఇసొగషీ నొదె’ చాలు. ఈ ‘నొదె’లోనూ అదే ‘నొ’ ఉంది గాని, దానికి ఆ పదును లేదు.

జవాబు చెప్పడం కంటే ఊకొట్టడంలో ఇది ఎక్కువ అవసరం. ఎవరైనా కొత్త సంగతి చెబితే ‘సో నన్‌దెస్ క’ అని స్వరం దించాలి. మన ‘ఓహో, అలాగా’. ఎత్తి పలికితే ‘నిజంగానా?’ అవుతుంది. దగ్గరివాళ్ళతో ‘సో నన్‌ద’, అంటే ‘అదా సంగతి’. ‘సో దెస్ క’ కూడా వాడతారు, కానీ పొడిగా అంటే నాకేం పట్టదన్నట్టు ధ్వనిస్తుంది.

‘మస్’ లేని మాటలకు దిగితే ప్రశ్నకు ‘నొ’ ఒక్కటే సరిపోతుంది: ‘దో షిత నొ?’, ‘ఇకు నొ?’. దీన్ని ఆడామగా అందరూ అడుగుతారు. వాక్యాన్ని ‘నొ’తో దించి ముగించడం మాత్రం ఆడవాళ్ళ, పిల్లల మాటగా పేరుపడింది, మగవాళ్ళు అక్కడ ‘న్‌ద’ అంటారు. ‘దొకొ ఇకున్‌ద?’ అని ‘న్‌ద’తో ప్రశ్నిస్తే మోటుగా, మగవాళ్ళ దబాయింపులా ఉంటుంది. సీరియల్స్ చూసి నేర్చుకునే కుర్రాళ్ళు దీన్ని పట్టేసుకుని ఆఫీసులో వాడకుండా ఉంటే మంచిది.

వినేటప్పుడు తికమకపెట్టేది ‘రు’, ‘ర’ అరిగిపోవడం. ‘నని షితెరు నొ’ కాస్తా ‘నని షితెన్నొ’ అవుతుంది (ఏం చేస్తున్నావ్). ‘వకరనై నొ’ ‘వకన్నై నొ’ అవుతుంది (అర్థం కాలేదా). ‘వకరన్’ అని ‘న్’తో ఆగితే అది ‘తెలియదు’ అని అర్థమిచ్చే పాత ‘కాదు’ రూపం, మన ‘న్‌దెస్’లోని ‘న్’ కాదు. ముందున్న అక్షరం చూస్తే తేడా తెలుస్తుంది: ‘వకరు’ అయితే ముడి, ‘వకర’ అయితే కాదనడం. ‘ఇకున్‌జ నై’ని స్వరం ఎత్తి అంటే ‘వెళ్తాడేమో కదా?’, దించి గట్టిగా అంటే ‘వెళ్ళొద్దు!’. అక్షరం మారదు, అర్థం ఎదురు తిరుగుతుంది.

‘న్‌దత్త’ను పుస్తకాలు ఆలస్యంగా చెబుతాయి గాని రోజూ వినబడుతుంది. వాన మొదలయ్యాక ‘కస ఒ మొత్తె కురున్‌దత్త’ అంటే ‘గొడుగు తెచ్చుకోవాల్సింది’. ‘క్యో, కైగి గ అరున్‌దత్త’ అంటే ‘అరె, ఇవాళ మీటింగ్ ఉంది కదూ!’. మొదటిది పశ్చాత్తాపం, రెండోది మరిచిపోయింది గుర్తుకురావడం. మీటింగ్ జరగబోయేదే అయినా చివర భూతకాలం రావడం వింతగా ఉంటుంది. గతానికి పోయింది మీటింగ్ కాదు, దాని గురించి మనకు ముందే తెలిసి ఉండటం.

టోక్యో మాట నేర్చుకుని ఒసాకా వెళ్తే ‘న్‌ద’ వినబడక కంగారుపడతాం. అక్కడ దాని చోట ‘నెన్’ ఉంటుంది: ‘ఇకు నెన్’ (వెళ్తున్నా), ‘సుకి య నెన్’ (ఇష్టం), ఇక ‘నన్‌దె య నెన్’ (అదేంటయ్యా!) అయితే హాస్య జోడీల నోట ఊరంతా తెలిసిందే. ప్రశ్న అయితే ‘ఇకున్?’ అని ‘న్’ దగ్గరే ఎత్తి ఆపేస్తారు. ఫుకుఒక వైపు, హకత మాటలో, ‘నొ’ చోట ‘తొ’ వస్తుంది. ‘ఈ సీటు పట్టిపెట్టుకున్నారా?’ అన్నదాన్ని అక్కడ ‘తొత్తొత్తొ?’ అంటారు. అందులో మొదటి ‘తొ’ పట్టుకోవడం, చివరి ‘తొ’ మనం ఇంతసేపూ చెప్పుకున్న ముడి.